రెండో టేకు

2034 జూలై 19, బుధవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. హనుమకొండలో తెల్లవారుజాము నుంచి సన్నటి జల్లు ఎడతెరిపి లేకుండా పడుతోంది. ప్రయోగశాల కిటికీ పక్కనున్న ఉష్ణమాపకం ఇరవై ఆరు డిగ్రీలు చూపుతోంది. గాలి లేదు. సరిగ్గా ఆ నిమిషానికి గోడమీది తెరలో మొదటి బొమ్మ కదిలింది. అది ఒక చిన్నపిల్ల వీపు.

మేదిని కుర్చీ అంచుకు జరిగింది. ఆ వీపు ఆమె అక్క శ్రావ్యది. శ్రావ్య మెదడువాపుతో చనిపోయి ఇరవై ఆరేళ్లయింది. అప్పటికి శ్రావ్యకు తొమ్మిదేళ్లు, మేదినికి రెండేళ్లు. అందువల్ల అక్క ముఖం ఎలా ఉండేదో మేదినికి తెలియదు. అక్క ఫోటో ఒక్కటి కూడా ఇంట్లో లేదు.

గది మధ్యలో, వాలుకుర్చీలో, మేదిని తల్లి సుగుణమ్మ కళ్లు మూసుకుని పడుకుని ఉంది. ఆమె తలకు లోహపు తొడుగు ఉంది. తొడుగు పెట్టేముందు నుదుటికి చల్లటి లేపనం పూస్తున్నప్పుడు ఆమె కొంచెం నవ్వింది కూడా. "గిదేందే మేదిని, నెత్తికి అంబలి రాసి గిన్నె బోర్లిస్తున్నరు?" అంది. ఇప్పుడు మాత్రం ఆమె ముఖంలో నవ్వు లేదు. ఆమె పెదవులు ఏదో లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి. ఆమె గుర్తుచేసుకుంటున్నది తెరమీదికి వస్తోంది: నీలం గౌను వీపు, రెండు పాయలుగా విడదీసిన జుట్టు, ఒక పాయలో సగం అల్లిన జడ, దాన్ని అల్లుతున్న చేతివేళ్లు, గడపమీద ఎండలో కరగడానికి పెట్టిన కొబ్బరినూనె సీసా. శబ్దం లేదు. ఒక్కసారి ఆ తల పక్కకు తిరగబోయింది. నీళ్లలో నీడలా చెదిరి, మళ్లీ వీపయింది. యాభై ఒక్క సెకన్ల తర్వాత తెర నల్లబడింది.

ఆ యంత్రాన్ని స్మృతిలేఖిని అంటారు. పక్షవాతం వచ్చి మాట పోయినవారు ఏం తలుచుకుంటున్నారో చూడడానికి దాన్ని తయారుచేసిన ప్రొఫెసర్ రంగనాయకి, అరవై దాటిన మనిషి, తెర ముందు నిలబడి చేతులు కట్టుకుంది. ఆమెకు సంతోషంగా ఉందని ఆమె నిలబడిన తీరులోనే తెలిసింది.

"ముఖం రాలేదు మేడం," అంది మేదిని.

"జడ వేసే తల్లికి కనిపించేది వీపే కదమ్మా. మీ అమ్మగారు ఉన్నదే గుర్తుచేసుకున్నారు."

ఆ మాట పూర్తికాకుండానే రంగనాయకి సుగుణమ్మ దగ్గరికి వెళ్లింది. తొడుగు తీయకముందే ఆమె కళ్లకు నల్లటి మెత్తని గుడ్డ కట్టింది. చెయ్యిపట్టి లేపి, ఆరు గంటలు ఈ గుడ్డ విప్పకూడదని, ఎవరితోనూ ఆ పిల్ల గురించి మాట్లాడకూడదని, వీలైతే నిద్రపొమ్మని చెప్పింది. మామూలుగా మనం దేన్నైనా తలుచుకున్నప్పుడు జ్ఞాపకం పైపొర మాత్రమే కదులుతుందని, ఈ యంత్రం దాన్ని అడుగుదాకా తెరుస్తుందని, అలా తెరిచిన జ్ఞాపకం మళ్లీ పచ్చిదవుతుందని ఆమె మొదటిరోజే తల్లీకూతుళ్లిద్దరికీ వివరించింది. పచ్చిగోడ మీద చెయ్యి పెడితే అచ్చు పడినట్టే, అది ఆరేలోగా కంటబడిందేదైనా అందులో దిగిపోతుంది. ఆరడానికి ఆరు గంటలు పడుతుంది. ఆ ఆరు గంటల బాధ్యత తనదని మేదిని కాగితం మీద సంతకం పెట్టింది.

మేదిని లఘుచిత్రాలు తీస్తుంది. అప్పటికి మూడు తీసింది. ఒకటి భర్త పోయాక అతని బట్టలు కత్తిరించి బొంతలు కుట్టే ఆమె గురించి, ఒకటి తాగుడు మానాలని ప్రయత్నించే బస్సు డ్రైవరు గురించి, ఒకటి చెవులు వినిపించని తండ్రికి పెళ్లిపాటలు సైగలతో వినిపించే కూతురి గురించి. ఏ సంస్థా వెనక లేదు. కెమెరా అద్దెది, నటులు తెలిసినవాళ్లు, ఎడిటింగు తన మంచం మీదే. చూసినవాళ్లు మెచ్చుకున్నారు, చూసినవాళ్లు తక్కువ. నాలుగోదానికి ఆమె "నీలం రిబ్బను" అని పేరు పెట్టుకుంది. అందులో సుగుణమ్మ సుగుణమ్మగానే నటిస్తుంది. ఒక పిల్ల శ్రావ్యగా, వెనకనుంచి మాత్రమే కనిపిస్తుంది. చివర, నటన అంతా ఆగిపోయి, తల్లి జ్ఞాపకంలోంచి తీసిన నిజమైన శ్రావ్య ముఖం తెరమీదికి రావాలి. చిత్రమంతా ఆ ఒక్క ముఖం కోసం కట్టింది. పైకి చెప్పుకోకపోయినా, మేదిని ఆ చిత్రం తలపెట్టిందే అక్కను చూడడానికి.

ఇంట్లో ఫోటో లేకపోవడానికి కారణం ఆమె తండ్రి కొమురయ్య. అతను కాజీపేటలో గూడ్సుబండ్ల లోకో పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాడు. శ్రావ్య పోయాక నలభై రోజులు సుగుణమ్మ ఆల్బం గుండెమీద పెట్టుకుని పడుకుంది. తినలేదు. పక్కన రెండేళ్ల మేదిని ఏడుస్తున్నా ఎత్తుకోలేదు. నలభై ఒకటో రోజు కొమురయ్య డ్యూటీకి వెళుతూ ఆ ఆల్బంను తన పెట్టెలో పెట్టుకుని, తెల్లవారుతుండగా బండి గోదావరి వంతెన మీద ఉన్నప్పుడు ఇంజను కిటికీలోంచి నీళ్లలోకి విసిరేశాడు. తిరిగివచ్చి ఆ సంగతి భార్యకు చెప్పాడు. సుగుణమ్మ లేచి స్నానంచేసి, పొయ్యి వెలిగించి, చిన్నదానికి అన్నం కలిపి పెట్టింది. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లలో ఆ ఇంట్లో ఆల్బం మాట ఎవరూ ఎత్తలేదు. భర్త ఎదుట సుగుణమ్మ శ్రావ్య పేరు కూడా పలకలేదు. ఇదంతా మేదినికి పదిహేనో ఏట చిన్నమ్మ చెబితే తెలిసింది.

కాబట్టి, నాలుగో చిత్రం సంగతి తండ్రికి చెప్పకుండానే తల్లీకూతుళ్లు పని మొదలుపెట్టారు. కొమురయ్య ఆ నెలంతా జమ్మికుంట దగ్గర తమ్ముడి ఊళ్లో నాట్లు చూసుకుంటున్నాడు.

ఆ బుధవారం మధ్యాహ్నం జరిగింది చిన్న విషయం. విశ్వవిద్యాలయం అతిథిగృహంలో, కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో సుగుణమ్మ కళ్లకు గుడ్డతో పడుకుని ఉంది. పక్కగదిలో లాస్య అనే తొమ్మిదేళ్ల పిల్ల నీలం గౌను వేసుకుని, మిగిలిన సన్నివేశాల కోసం సిద్ధంగా కూర్చుని ఉంది. లాస్యను ఎంచుకున్నది సుగుణమ్మే. తీసుకొచ్చిన ఐదుగురు పిల్లల్లో ఆమెను చూపించి, "గీ పిల్ల నవ్వు కొంచెం మన శ్రావ్య లెక్కుంటది" అంది. లాస్యకు నాలుగింటికి ట్యూషను ఉంది; మూడింటికల్లా పంపించెయ్యాలని వాళ్లమ్మ రెండుసార్లు ఫోను చేసింది.

మేదిని దర్శకురాలిలాగే ఆలోచించింది. అమ్మ ఎప్పుడూ వెనకే కూర్చుంటుంది కాబట్టి ముఖం రావడం లేదు. ఆ పిల్ల వెనక్కి తిరిగిన క్షణం అమ్మకు తగలాలి. ఏ నటికైనా సన్నివేశం అందకపోతే ఏం చేస్తారు? ఎదుటి నటుణ్ని నిలబెట్టి రిహార్సలు చేయిస్తారు. అందితే రెండో టేకు బాగా వస్తుంది. పోటీకి చిత్రం పంపడానికి పన్నెండు రోజులే గడువుంది. ఆరు గంటల నిబంధన, డాక్టర్లు అన్నం తిన్నాక అరగంట ఆగి పడుకోమన్నట్టు, జాగ్రత్త కోసం చెప్పేదేనని ఆమె అనుకుంది. రంగనాయకి రెండు గంటలకు క్లాసుకు వెళ్లింది. రెండుం పావుకు మేదిని తల్లి కళ్ల గుడ్డ విప్పింది.

లాస్య వచ్చి సుగుణమ్మ మోకాళ్ల మధ్య కూర్చుంది. సుగుణమ్మ నూనె రాసి జడ అల్లింది. లాస్య వెనక్కి తిరిగి, "అమ్మా, అయిందా?" అని అడగాలి. మొదటిసారి పిల్లకు నవ్వొచ్చింది. రెండోసారి సుగుణమ్మ చేతులు ఆగిపోయాయి. మూడోసారి ఆమె ఆ పిల్ల గడ్డం పట్టుకుని చాలాసేపు చూసింది. నాలుగోసారి ఏడ్చింది.

"గట్లనే తిరిగేదే," అంది. "అచ్చం గట్లనే."

మేదిని తల్లి కళ్లు తుడిచి, గుడ్డ మళ్లీ కట్టింది. లాస్యను మూడింటికి ఆటో ఎక్కించింది. సాయంత్రం రంగనాయకి అడిగినప్పుడు అమ్మ బాగా నిద్రపోయిందని చెప్పింది.

మర్నాడు ఉదయం రెండోసారి తొడుగు పెట్టారు. అదే గడప, అదే నూనె సీసా, అదే జడ. ముప్పై రెండో సెకనులో పిల్ల వెనక్కి తిరిగింది. ఈసారి చెదరలేదు. పెద్ద కళ్లు, తీరైన కనుబొమ్మలు, ఎడమ బుగ్గ మీద సొట్ట, వరసగా తెల్లటి పళ్లు. ప్రయోగశాలలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. మేదిని నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. ఆ ముఖంలో లాస్య పోలిక ఉన్నట్టు ఆమెకూ అనిపించింది. అనిపించి, మరింత సంతోషించింది. పోలిక ఉందని అమ్మే కదా ఆ పిల్లను ఏరింది.

రంగనాయకి మాత్రం చప్పట్లు కొట్టలేదు. తెరకు దగ్గరగా వెళ్లి, "ఇన్నేళ్లలో ఇంత తేటగా వచ్చిన జ్ఞాపకాన్ని నేను చూడలేదు," అంది. అది మెచ్చుకోలో అనుమానమో మేదిని అడగలేదు.

చిత్రం పోటీకి వెళ్లింది. అక్టోబరులో బహుమతి వచ్చింది. కేరళలో చూసినవాళ్లు, పుణెలో చూసినవాళ్లు మేదినికి ఉత్తరాలు రాశారు. చనిపోయిన తమవాళ్లను ఇలా చూడగలమా అని అడిగారు. అంతకంటే పెద్ద మార్పు ఇంట్లో జరిగింది. సుగుణమ్మ ఫోనులో ఆ చివరి సన్నివేశాన్ని రోజూ పొద్దున కొమురయ్య బయటికి వెళ్లాక టీ తాగుతూ చూసేది. చూసి, గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీసేది. ఆమె కంఠంలో రాగం ఉందని మేదినికి ఆ శరత్కాలంలోనే తెలిసింది.

అయితే, ఆదివారాలు ఆమె స్టీలు డబ్బాలో తీపి గర్జెలు పెట్టుకుని లాస్య ఇంటికి వెళ్లడం మొదలుపెట్టింది. మొదట ఆ ఇంటివాళ్లు మర్యాదగానే కూర్చోబెట్టారు. మూడో ఆదివారం లాస్య తల్లి మేదినికి ఫోను చేసింది.

"మేదినీ, మీ అమ్మ మంచిదే. కాని వచ్చినప్పుడల్ల పిల్లను ముందట కూసోబెట్టుకొని మొఖమే చూస్తది. మొన్న పండుగకు గౌను కొంటనన్నది. గిట్లనే అయితే ఒకరోజు ఎత్తుకపోయేటట్టున్నది, జెర చూసుకో."

నవ్వుతూనే అంది కాని ఆ నవ్వులో కొంత భయం ఉంది. ఏకైక సంతానం పోయినవాళ్లు ఇలా చేస్తారని మేదిని విని ఉంది. తాను రెండో సంతానమని ఆ క్షణం గుర్తొచ్చి, ఆ ఆలోచన అక్కడితో వదిలేసింది.

నవంబరు రెండో శనివారం హనుమకొండలో ఒక చిన్న హాల్లో "నీలం రిబ్బను" ప్రదర్శించారు. కొమురయ్యకు ఆ చిత్రం సంగతి అప్పుడే తెలిసింది. బహుమతి వచ్చిన కూతురి సినిమా అని మాత్రమే చెప్పి తీసుకొచ్చారు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో కూర్చున్నాడు. తెరమీద తన భార్య, తన ఇంటి గడప, నీలం గౌను కనిపించినప్పుడు అతని చేతులు ముందు సీటు అంచును పట్టుకున్నాయి. చివర్లో ఆ ముఖం తిరిగినప్పుడు హాల్లో చాలామంది వెక్కారు. కొమురయ్య కళ్లు మూసుకున్నాడు. దీపాలు వెలిగేదాకా తెరవలేదు. తండ్రికి కోపం వచ్చిందని, దానికి తాను సిద్ధంగానే ఉన్నానని మేదిని అనుకుంది.

మర్నాడు ఉదయం సుగుణమ్మ పాలకు వెళ్లినప్పుడు అతను నల్లా దగ్గర మొహం కడుక్కుంటూ కూతుర్ని పిలిచాడు.

"బిడ్డా, ఆ పిల్ల ఎవలు?"

"అక్కనే నాయినా. అమ్మ యాదిలకెంచి తీసిన్రు."

"కాదు."

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం చాలాసేపు పట్టింది. శ్రావ్య రైల్వే కాలనీ నీళ్లట్యాంకు మెట్ల మీద పడితే ఎడమ కనుబొమ్మ చీలి మూడు కుట్లు పడ్డాయని, అక్కడ మళ్లీ వెంట్రుక మొలవలేదని చెప్పాడు. ముందుపన్ను ఒకటి పక్కపన్ను మీదికి ఎక్కి ఉండేదని, అందుకే నోరు మూసుకుని నవ్వేదని చెప్పాడు. బుగ్గమీద సొట్ట ఏ రోజూ లేదు.

"నా మీద కోపంతోటి అంటలేవు గద నాయినా?"

"నీ మీద కోపమెందుకు బిడ్డా. నా బిడ్డను నేను గుర్తుపట్టనా?"

మేదిని ఆ రోజు మధ్యాహ్నం తల్లిని ఊరికే అడుగుతున్నట్టు అడిగింది, అక్కకు ముఖంమీద ఏమైనా దెబ్బ మచ్చ ఉండేదా అని. సుగుణమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండానే, "మచ్చనా? లేదు. నా బిడ్డ మొఖం అద్దం లెక్కుండె" అంది.

సోమవారం ప్రయోగశాలలో రంగనాయకి మొదటిరోజు రికార్డింగును ఒక్కొక్క ఫ్రేముగా నడిపింది. తల పక్కకు తిరగబోయి చెదిరిన చోట ఏడు ఫ్రేములున్నాయి. అవి అన్నీ అలికినట్టే ఉన్నాయి. ఐదోదాన్ని పెద్దది చేసినప్పుడు ఎడమ కన్ను మీద నల్లటి గీత కనిపించింది. ఆ గీత మధ్యలో తెగి ఉంది. రెండోరోజు రికార్డింగును పక్కనే పెట్టారు. అందులో కనుబొమ్మ తెగలేదు.

రంగనాయకి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఆ ఆరు గంటలు మీ అమ్మగారు ఎక్కడున్నారు?"

మేదిని చెప్పింది. గుడ్డ విప్పిన సమయం, కట్టిన సమయం, లాస్య కూర్చున్న చోటు, మొత్తం చెప్పింది. రంగనాయకి కోప్పడలేదు. "నాలుగు రిహార్సళ్లా," అని మాత్రం రెండుసార్లు అంది. కాసేపటికి, తాను ఆ రెండో రికార్డింగు చూసినప్పుడే అడగవలసిందని, తన సంతోషమే అడగనివ్వలేదని తనకు తాను చెప్పుకుంటున్నట్టు చెప్పింది.

"పాతది మళ్లీ రాదా మేడం?"

"రావడానికి అక్కడ ఖాళీ లేదమ్మా. ఒక ముఖం ఉంది. ఆమెకు అదే నిజం. ఇరవై ఆరేళ్ల పాత నిజం."

మేదిని ఆ వారమే చిత్రాన్ని అన్ని పోటీలనుంచి, ప్రదర్శనలనుంచి వెనక్కి తీసుకుంది. కారణం అడిగినవాళ్లకు సాంకేతిక లోపమని రాసింది. తల్లి ఫోనులోది మాత్రం తీసెయ్యలేకపోయింది. ఒకసారి తల్లి స్నానానికి వెళ్లినప్పుడు ఫోను చేతిలోకి తీసుకుంది. ఆ బొమ్మమీద వేలు పెట్టి, మళ్లీ యథాస్థానంలో పెట్టేసింది. తాను చేసినదానికీ తండ్రి వంతెనమీద చేసినదానికీ తేడా ఏమిటని ఆలోచించింది. ఆయన పారేసింది కాగితాలు.

ఆ ముఖం ఇక ఆ ఇంట్లో ఒక్కరి దగ్గరే ఉంది. కొమురయ్య దగ్గర.

అతన్ని అడగడానికి ఆమెకు నెల పట్టింది. అడిగినప్పుడు జరగగల నష్టం కూడా చెప్పింది: తెరిచిన జ్ఞాపకానికి ఏదైనా తగిలితే అతనికీ మిగలదు. కొమురయ్య అంతా విన్నాడు. రైలుబండి గురించి వినేవాడిలా, మధ్యలో ఏ తొడుగు, ఎంతసేపు, ఎవరు పక్కనుంటారు అని వివరాలు అడిగాడు.

"నేనే పారేసిన," అన్నాడు చివరికి. "నేనే తెచ్చియ్యాలె."

2035 జనవరి 9, మంగళవారం అతను ప్రయోగశాలకు వచ్చాడు. హాల్లో ఆ చిత్రం చూస్తున్నప్పుడు సొంత కూతుర్ని తలుచుకున్నారా అని రంగనాయకి మూడురకాలుగా మార్చి అడిగింది. తన బిడ్డ కాదని తెలియగానే కళ్లు మూసుకున్నానని, ఎవరి పిల్లో అనుకున్నానని అతను చెప్పాడు. ఆమె తృప్తిపడి తొడుగు పెట్టింది.

తెరమీదికి వచ్చిన లోకం ఎత్తునుంచి కనిపించింది. ఇంజను కిటికీ, కింద మెల్లగా వెనక్కి జారే కంకర, రైల్వే కాలనీ ప్రహరీ, నీళ్లట్యాంకు. దాని మెట్లమీద బడి బట్టల్లో ఒక పిల్ల నిలబడి ఉంది. బండిని చూసి చెయ్యెత్తింది. దిగి పట్టాల పక్కన పరుగెత్తింది. ఎండ కళ్లల్లో పడి ముఖం చిట్లించింది. తెగిన కనుబొమ్మ పైకి లేచింది. ఏదో అరుస్తోంది. అరవడంలో నోరు మూసుకోవడం మరిచిపోయింది. పన్నుమీద ఎక్కిన పన్ను కనిపించింది. ముఖం నల్లగా, సన్నగా, అంత అందంగా ఏమీ లేదు. గడ్డం కొంచెం పక్కకు ఒరిగి ఉంది. మేదిని తన గడ్డాన్ని చేత్తో తడుముకుంది. పిల్ల పరుగులో వెనకబడి, ప్రహరీ చివర ఆగి, ఇంకా చెయ్యి ఊపుతూ చిన్నదైపోయింది. ముప్పై ఎనిమిది సెకన్లు.

మొదటిసారి అక్కను చూసిన మేదినికి ఏడుపు రాలేదు. మరోసారి చూపించమని అడగబోయి, అడగలేదు.

కొమురయ్య ఆరు గంటలు చీకటిగదిలో కూర్చున్నాడు. మేదిని తలుపు బయట నేలమీద కూర్చుంది. మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడలేదు. లోపలినుంచి అప్పుడప్పుడు అతని దగ్గు వినిపించేది. కారిడారులో వచ్చేవాళ్లందర్నీ ఆమె చేత్తోనే ఆపింది. ఆరు గంటలకు పైన మరో గంట కూర్చుంది.

సుగుణమ్మకు దాన్ని చూపించాలన్నది మేదిని పట్టుదల. అసలు ముఖం కనబడితే తల్లిలో ఎక్కడో ఏదో కదలకపోదని ఆమె నమ్మింది. ఆశ పెట్టుకోవద్దని రంగనాయకి చెప్పింది. కొమురయ్య కాదనలేదు.

గురువారం సాయంత్రం నాలుగింటికి సుగుణమ్మ వాకిట్లో చాపమీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మేదిని పక్కన కూర్చుని, ఒకటి చూపిస్తానని ఫోను ఆమె ముందు పట్టింది. కొమురయ్య గుమ్మంలో నిలబడ్డాడు. సుగుణమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోనును కొంచెం దూరం జరిపి శ్రద్ధగా చూసింది. పిల్ల మెట్లు దిగినప్పుడు ఆమె నొసలు ముడిపడింది.

"అయ్యో, ఎండల ఉరుకుతున్నది. పడ్తదేమో," అంది సుగుణమ్మ.

చివరిదాకా చూసింది. ఫోను కూతురి చేతికిచ్చి, మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది.

"నీ కొత్త సినిమానా? ఎవల బిడ్డనో కాని, గీ పిల్ల గూడ మంచిగనే చేసింది."

మేదిని నోరు తెరిచింది. ఆమె మాట రాకముందే గుమ్మంలోంచి కొమురయ్య, "ఔను, కొత్త సినిమా," అన్నాడు. వచ్చి చాప అంచున కూర్చున్నాడు. ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె తీయబోయాడు. అతనికి అలవాటు లేని పని. కాయ రెండు ముక్కలైంది. సుగుణమ్మ అతని చేతిలోంచి తీసుకుని, "నీకెందుకయ్యా" అని విసుక్కుంది.

ఆమె చేటతో లోపలికి వెళ్లాక మేదిని తండ్రి చెయ్యి పట్టుకుంది.

"చెప్పేద్దాం నాయినా. ఏది అక్కనో అమ్మకు తెల్వాలె గద."

"ఏం చెప్తవ్? నీ బిడ్డ నీకు యాదిలేదని చెప్తవా?" అతను గొంతు తగ్గించాడు. "వద్దు. ఆమె కాడ ఇంకేం మిగుల్తది?"

వంటింట్లోంచి తాలింపు చిటపట వినిపించింది. వెంటనే, అప్పటికి ఇంట్లో అందరికీ అలవాటైన సుగుణమ్మ కూనిరాగం. ఇద్దరూ అది ఆగేదాకా కదలలేదు. ఆ రికార్డింగును నీ ఫోనులో వెయ్యమంటావా అని మేదిని అడిగింది. కొమురయ్య తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు చూసినవ్ గద, సాలు," అన్నాడు.

సుగుణమ్మ 2043 మార్చిలో కన్నుమూసింది. ఆమెకు చివరిదాకా ఎవరూ ఏమీ చెప్పలేదు. 2046లో స్మృతిలేఖిని వాడకం మీద నిబంధనలు వచ్చాయి. రికార్డింగు తర్వాత ఆరు గంటల్లో ఆ మనిషి ఎదుట చనిపోయినవారి పాత్రధారులను నిలబెట్టరాదన్నది వాటిలో నాలుగోది. అది రాసిన సంఘంలో మేదిని ఒక సభ్యురాలు. నిబంధనకు కారణం అందులో రాయలేదు.